పన్ను పోయింది సరే, జబ్బు పోయిందా?

చిగుళ్లు, పళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంప్లాంట్ల గురించే. ఇంప్లాంటు అంటే పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే టైటానియం లోహపు స్క్రూ, దాని పైన తొడిగే కృత్రిమ పన్నే క్యాపు. వాటిలో తెనాలి నుంచి వచ్చిన ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను. ఆయన అడిగిన ప్రశ్నే నా క్లినిక్‌లో వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 54. కిరాణా కొట్టు నడుపుతాను. పదేళ్ల నుంచి బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది, పట్టించుకోలేదు. నాలుగేళ్ల కిందట కింద కుడివైపు చివరి రెండు దవడ పళ్లు ఊగిపోయి, చీము పట్టి తీయించుకోవాల్సి వచ్చింది. పయోరియా అన్నారు. ఒకసారి క్లీనింగ్ చేశారు, తర్వాత మళ్లీ వెళ్లలేదు. షుగర్ ఎనిమిదేళ్లుగా ఉంది, మొన్న మూడు నెలల సగటు పరీక్షలో 8.4 వచ్చింది. రోజుకు పది సిగరెట్లు కాల్చేవాణ్ని, రెండేళ్ల కిందట మానేశాను. ఎడమవైపే నమిలీ నమిలీ ఆ వైపు పళ్లు కూడా జివ్వుమంటున్నాయి. మా అమ్మాయి ‘ఇంప్లాంట్లు పెట్టించుకో నాన్నా, డబ్బు నేను పంపిస్తాను’ అంటోంది. ఒక డాక్టరు గారు ‘మూడు రోజుల్లో రెండూ బిగించేస్తాం, 98 శాతం సక్సెస్’ అన్నారు. ఇంకొకరు ‘ముందు చిగుళ్లకు ఆరు నెలలు వైద్యం చేయాలి, షుగర్ తగ్గాలి, తర్వాత చూద్దాం’ అన్నారు. మా అన్నయ్యకూ ఇలాగే పన్ను పోతే ఇంప్లాంటు పెట్టించుకున్నాడు. ఆరేళ్లకు క్యాపుతో సహా చేతిలోకి వచ్చేసింది. నా అనుమానం ఒకటే. జబ్బు వచ్చింది నా పళ్లకు, ఆ పళ్లు పోయాయి. ఇప్పుడు పెట్టేది లోహం. లోహానికి పుచ్చూ లేదు, పయోరియా లేదు కదా? మరి ఆరు నెలలు ఎందుకు ఆగాలి?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లోహానికి పుచ్చు పట్టదన్న మాట నిజమే. పయోరియా సంగతి వేరండీ. అది పన్ను చుట్టూ ఉన్న చిగురును పాడుచేసి, దాని కింద పన్నును పట్టుకుని ఉండే ఎముకను కరిగిస్తుంది. మీ పళ్లు ఊగింది ఆ ఎముక కరిగిపోవడం వల్లే. పళ్లు తీసేశాక కూడా చిగురు అక్కడే ఉంది, ఎముక అక్కడే ఉంది. మిగిలిన పళ్లకూ చిగుళ్లకూ మధ్య లోతుగా దిగిన సందులుంటాయి, వాటిని మేం పాకెట్లు అంటాం. ఆ పాకెట్లలో అవే క్రిములు కాపురం ఉంటాయి. ఇంప్లాంటు బిగించాక కొద్ది వారాల్లోనే దాని మీదికి చేరిపోతాయి. ఒక్కసారి క్లీనింగ్ చేయించుకుని మళ్లీ వెళ్లలేదని రాశారు. మీ నోట్లో ఆ జబ్బు ఇప్పటికీ నడుస్తూనే ఉందేమోనని నా అనుమానం. ఎడమవైపు పళ్లు జివ్వుమంటున్నాయన్న వాక్యం చదివాక అది ఇంకా గట్టిపడింది.

పైగా సొంత పన్ను కంటే ఇంప్లాంటు ఈ జబ్బుకు తొందరగా లొంగిపోతుంది. సొంత పన్ను వేరు మీద సిమెంటం అనే పొర ఉంటుంది. చిగురులోంచి వచ్చే సన్నని పీచు అడ్డంగా వెళ్లి ఆ పొరలోకి గుచ్చుకుని ఉంటుంది, గుడ్డకు కుట్టు వేసినట్టు. టైటానియం మీద ఆ పొర లేదు. అక్కడ పీచు లోపలికి దిగలేక ఇంప్లాంటు చుట్టూ తిరిగి ఉంటుంది, నడుముకు మొలతాడు కట్టినట్టు. కుట్టు విప్పాలంటే క్రిములకు చాలాకాలం పడుతుంది. మొలతాడు జారడానికి ఎంతసేపు? ఇంకొకటి కూడా ఉంది. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య రక్తనాళాలు, నరాలు ఉన్న పలుచని మెత్తని పొర ఉంటుంది. క్రిములతో పోరాడే కణాలు ఆ దారినే వస్తాయి. ఇంప్లాంటు నేరుగా ఎముకకే అతుక్కుంటుంది కాబట్టి దానికి ఆ పొర లేదు.

ఆ పొర లేకపోవడం వల్లే మనిషి మోసపోతాడు. మీ పళ్లు పోయేముందు ఊగాయి, కాబట్టి మీకు తెలిసింది. ఇంప్లాంటు అలా ఊగదు. పైన సగం ఎముక కరిగిపోయినా, కింద మిగిలిన సగంలో రాయిలా నిలబడి ఉంటుంది. చాలామందికి నొప్పి కూడా ఉండదు. బ్రష్ చేస్తుంటే కాస్త రక్తం, నోట్లో అప్పుడప్పుడు చెడు రుచి, నొక్కితే చీము, అంతే. ఇక ఊగడం మొదలైందంటే ఎముక పట్టు మొత్తం పోయినట్టే. మీ అన్నయ్య ఇంప్లాంటు చేతిలోకి వచ్చింది ఆరో ఏట అయినా, కరగడం అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది. ఆయన్ను ఒకసారి అడగండి, క్యాపు వేశాక డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారో.

నాకు ఈ పాఠం ఒక హైస్కూలు మాస్టారి వల్ల తెలిసింది. గుంటూరులో నేను ఇంప్లాంట్లు పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో, ఇరవై ఏళ్ల కిందటి మాట, ఆయనకు కింది దవడలో ఒకటి పెట్టాను. ఆ పన్నూ పయోరియాతో పోయిందే. క్లీనింగ్ చేశాను, చిగురు రంగు బాగుపడింది, చాలనుకున్నాను. పాకెట్ల లోతు మళ్లీ కొలవలేదు. క్యాపు బిగించిన రోజు ఎక్స్‌రే తీయలేదు. ‘చెరుకు ముక్క నమలొచ్చామ్మా?’ అని సంబరంగా అడిగారు. మూడు నెలలకోసారి రమ్మని చెప్పాల్సిన చోట ‘ఏదైనా ఇబ్బంది ఉంటే రండి’ అన్నాను. ఇబ్బంది ఏమీ లేదు కాబట్టి ఆయన ఏడేళ్లు రాలేదు. వచ్చినప్పుడు చిగురు మీద వేలితో నొక్కితే చీము వచ్చింది. ఎక్స్‌రేలో ఇంప్లాంటు చుట్టూ ఎముక గిన్నెలా గుంట పడి కనిపించింది. ‘నొప్పే లేదు కదమ్మా, ఇదెప్పుడు మొదలైంది?’ అన్నారు. పోల్చి చూడటానికి నా దగ్గర పాత ఎక్స్‌రే లేదు, ఏం చెప్పను? తప్పు నాది. ఆ ఇంప్లాంటును నా చేత్తోనే తీశాను. ‘ఇబ్బంది ఉంటే రండి’ అనే మాట ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు.

ఇక 98 శాతం సంగతి. ఆ డాక్టరు గారు అబద్ధం చెప్పారని నేను అనను. ఆ అంకె దేని గురించో మీరు అడగాలి. ఇంప్లాంట్ల ప్రకటనల్లో సక్సెస్ అంటే చాలాసార్లు ‘నోట్లో ఇంకా ఉంది’ అని మాత్రమే అర్థం. చుట్టూ చీము కారుతున్నా, సగం ఎముక పోయినా, ఉంటే ఉన్నట్టే లెక్క. మా మాస్టారి ఇంప్లాంటు కూడా నేను తీసిన రోజు వరకూ ఆ లెక్కలో సక్సెసే.

స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో పదేళ్ల ఫలితాలు ప్రచురించారు. 53 మంది, 112 ఇంప్లాంట్లు. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోయినవాళ్లలో పదేళ్లకు 90.5 శాతం ఇంప్లాంట్లు నిలిచాయి, వేరే కారణాలతో పళ్లు పోయినవాళ్లలో 96.5 శాతం. ఇంతవరకు చూస్తే తేడా పెద్దగా లేదనిపిస్తుంది. ఇంప్లాంటు చుట్టూ ఎముక కరిగే జబ్బును పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. అది మొదటి వర్గంలో 28.6 శాతం ఇంప్లాంట్లకు వచ్చింది, రెండో వర్గంలో 5.8 శాతానికి. దాదాపు ఐదు రెట్లు. మొదటి వర్గంలో ఉన్నవి 21 ఇంప్లాంట్లే కాబట్టి ఆ ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అయితే ఇటలీలో 101 మందిని పదేళ్లు గమనించి 2010లో ప్రచురించిన ఫలితాలూ అదే దిక్కు చూపించాయి: చిగుళ్లు బాగున్నవాళ్లలో 96.6 శాతం నిలిస్తే, జబ్బు మధ్యరకంగా ఉన్నవాళ్లలో 92.8, తీవ్రంగా ఉన్నవాళ్లలో 90. ఎక్కువగా పోగొట్టుకున్నది ఎవరంటే, క్రమంగా చెకప్‌కు రాని వాళ్లు.

నేను ప్రతి పేషెంటుకూ చెప్పేది మాత్రం బ్రెజిల్ వాళ్ల 2012 నాటి పరిశోధన. ఇంప్లాంటు చుట్టూ చిగురు వాచి, రక్తం మాత్రమే వస్తున్నవాళ్లను ఐదేళ్లు గమనించారు. అప్పటికి ఎముకకు ఇంకా ఏమీ కాలేదు. క్రమంగా క్లీనింగుకు వచ్చినవాళ్లలో 18 శాతం మందికి జబ్బు ఎముక దాకా పోయింది. రానివాళ్లలో 43.9 శాతం మందికి. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్యులు చికాగోలో కూర్చుని ఆధారాలన్నీ తిరగేసినప్పుడు మూడింటికి గట్టి ఆధారం ఉందన్నారు: పూర్వం తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉండటం, పళ్లు సరిగ్గా శుభ్రం చేసుకోకపోవడం, క్రమంగా చెకప్‌కు రాకపోవడం. మొదటిది మీ చేతుల్లో లేదు. మిగతా రెండూ మీ చేతుల్లోనే ఉన్నాయి. పొగ, షుగర్ విషయంలో ఆధారాలు ఇంకా తేలలేదని అప్పుడు రాశారు. అయినా నేను ఆ రెండింటినీ వదిలిపెట్టను, ఎందుకంటే సొంత పళ్ల చుట్టూ చిగుళ్లను అవి పాడుచేస్తాయన్నది తేలిన విషయం. ఆ పళ్ల నుంచే కదా జబ్బు ఇంప్లాంటుకు వచ్చేది.

కాబట్టి రెండో డాక్టరు గారి మాట వినండి. ఆ ఆరు నెలల్లో జరిగేది ఇదీ. మొదట సన్నని కొలత పుల్లతో ప్రతి పన్ను చుట్టూ ఆరు చోట్ల పాకెట్ లోతు కొలిచి చార్టు రాస్తారు. ఆ చార్టు అడిగి తీసుకోండి, అది మీది. తర్వాత మత్తు ఇచ్చి చిగురు లోపలి గార తీసే డీప్ క్లీనింగ్ ఉంటుంది. రెండు మూడు నెలలాగి మళ్లీ కొలుస్తారు. ఐదు మిల్లీమీటర్లు, ఆపైన లోతుండి రక్తం కారే చోట్లు మిగిలి ఉంటే అక్కడ చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ అవసరం కావచ్చు. అది మానాలి, మళ్లీ కొలవాలి. లెక్క వేస్తే ఆరు నెలలు అవుతుంది, ఆయన మిమ్మల్ని ఊరికే తిప్పడం లేదు. ఈ వైద్యం వల్ల షుగర్ కూడా కొంత తగ్గుతుంది. 2022లో కోక్రేన్ సంస్థ పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, చిగుళ్ల వైద్యం తర్వాత మూడు నాలుగు నెలలకు మూడు నెలల సగటు సుమారు 0.4 పాయింట్లు తగ్గింది. మీ 8.4ని ఏడు దగ్గరికి తేవడానికి మీ షుగర్ డాక్టరుతో మాట్లాడండి. ఈ ఇంప్లాంటు సంగతి ఆయనకూ చెప్పండి.

చిగుళ్లు కుదుటపడ్డాక స్కాన్ తీసి ఎముక ఎంత మిగిలిందో చూస్తారు. అప్పుడు మీ డాక్టరును ఒక ప్రశ్న అడగండి: రెండూ పెట్టాలా? చిట్టచివరి దవడ పన్ను స్థానంలో ఏమీ పెట్టకపోయినా చాలామంది బాగానే నములుతారు. అంత లోపల ఉన్న ఇంప్లాంటు చుట్టూ బ్రష్ ఆడించడం కూడా కష్టం. మీ స్థానంలో మా అన్నయ్య ఉంటే దాని ముందరి పన్ను ఒక్కటే పెట్టించుకోమంటాను. ఆ క్యాపు సిమెంటుతో అతికించేది కాకుండా స్క్రూతో బిగించేది కావాలని చెప్పండి. సిమెంటు చిగురు కిందికి జారి మిగిలిపోతే అదే జబ్బుకు నాంది అవుతుంది. స్క్రూ క్యాపు అయితే అవసరమైనప్పుడు విప్పి శుభ్రం చేయవచ్చు.

ఇంటి దగ్గర బ్రష్‌తో పాటు పళ్ల సందుల్లో తిప్పే చిన్న బ్రష్ వాడాలి. ఏ సైజు పడుతుందో డాక్టరు మీ నోట్లో పెట్టి చూపించాలి, ఊరికే కొనుక్కుంటే వదులుదో బిగుతుదో వస్తుంది. వేపపుల్ల, ఉప్పునీళ్లు మీకు అలవాటైతే మానక్కర్లేదు, కానీ అవి ఆ సందుల్లోకి వెళ్లవు. క్యాపు వేసిన రోజు ఎక్స్‌రే తీయించి దాచుకోండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి, నొప్పి లేకపోయినా, ఇంప్లాంటు నోట్లో ఉన్నంతకాలం వెళ్లాలి. మీ అమ్మాయి పంపే డబ్బులో ఈ చెకప్‌లకు కూడా కొంత పక్కన పెట్టమనండి. అది కుదరదనుకుంటే తీసి పెట్టుకునే పళ్ల సెట్టు మంచిదని నేను మొహమాటం లేకుండా చెబుతాను. దాన్ని రాత్రిపూట తీసి కడుక్కోవచ్చు.

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. కింద ముందు పళ్లు నాలుగూ కొద్దిగా కదులుతున్నాయి. ‘ఎలాగూ పోయే పళ్లే, ఎముక ఉన్నప్పుడే తీసేసి ఇంప్లాంట్లు పెడితే గట్టిగా ఉంటాయి’ అని ఒక చోట చెప్పారు. తీయించమంటారా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడొద్దమ్మా. కొద్దిగా కదులుతున్న పన్నంటే పోయే పన్ను అని అర్థం కాదు. చిగుళ్లకు వైద్యం చేసి, వాపు తగ్గాక చూస్తే ఆ కదలిక సగానికి సగం తగ్గిన వాళ్లను చాలామందిని చూశాను. ఇంకా కదులుతుంటే నాలుగు పళ్లనూ లోపలి వైపు నుంచి సన్నని తీగతో కలిపి కడతారు. అలా కట్టిన పళ్లతో ఇరవై ఏళ్లుగా నా దగ్గరికి వస్తున్న వాళ్లు ఉన్నారు. పైన తెనాలి ఆయనకు చెప్పిందే మీకూ: జబ్బు నడుస్తున్న నోట్లో పళ్లు తీసి ఇంప్లాంట్లు పెడితే, ఆ జబ్బుకు ఇంకా తక్కువ రక్షణ ఉన్న వస్తువును అప్పజెప్పినట్టే. తీసిన పన్నును మళ్లీ పెట్టలేం. ముందు చిగుళ్ల స్పెషలిస్టుకు చూపించండి. తీయాలో వద్దో వైద్యం తర్వాత, మళ్లీ కొలిచాక తేల్చుకోవచ్చు.

ప్రశ్న: డాక్టర్ గారూ, డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ ఖర్చు భరించలేక డిసెంబరులో మూడు వారాల సెలవులో హైదరాబాద్ వచ్చి ఇంప్లాంటు పెట్టించుకుందామనుకుంటున్నాను. వయసు 43. పదేళ్ల కిందట చిగుళ్ల జబ్బుకు సర్జరీ అయింది, ఆ తర్వాత ఏడాదికోసారి క్లీనింగ్ చేయించుకుంటున్నాను. మూడు వారాలు సరిపోతాయా?
ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మీరు క్లీనింగ్ మానకపోవడం చాలా మంచి పని. అయితే చిగుళ్ల సర్జరీ అయినవాళ్లకు ఏడాదికోసారి చాలదు. ఇప్పటి నుంచే మూడు నాలుగు నెలలకోసారికి మార్చండి. బయలుదేరే ముందు అక్కడే పాకెట్లు కొలిపించి ఆ చార్టు, ఎక్స్‌రేలు వెంట తెచ్చుకోండి. లోతు పాకెట్లు ఇంకా ఉంటే ఈ డిసెంబరు ప్రయాణంలో ఇంప్లాంటు వద్దు, వైద్యం అక్కడే పూర్తి చేసుకుని వచ్చే ఏడాది రండి.

అంతా బాగుంటే మూడు వారాల్లో ఇంప్లాంటు బిగించడం వరకు చేయించుకోవచ్చు. ఎముకకు అతుక్కోవడానికి మామూలుగా రెండు మూడు నెలలు వదిలేస్తాం. క్యాపు తర్వాతి ప్రయాణంలో వేయించుకోండి. సెలవు అయిపోతోందని అదే ట్రిప్పులో క్యాపు కూడా వేసేయమని డాక్టరును తొందరపెట్టకండి. మీలాంటి వాళ్లు నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది ఒకటే: తిరిగి వెళ్లాక దీన్ని ఎవరు చూస్తారు? వేరే దేశంలో పెట్టిన ఇంప్లాంటును చూడటానికి కొందరు డాక్టర్లు వెనకాడతారు. మీ ఊళ్లో క్లీనింగ్ చేసే డాక్టరుతో ముందే మాట్లాడి ఒప్పించుకోండి.

ఇంకొకటి, ఇంప్లాంటు ప్యాకెట్ మీద ఒక స్టిక్కరు ఉంటుంది. తయారు చేసిన కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబరు దాని మీద ఉంటాయి. పదేళ్ల తర్వాత స్క్రూ వదులైనా, క్యాపు విరిగినా, అక్కడి డాక్టరుకు సరిపోయే పనిముట్టు దొరకాలంటే ఆ వివరాలు కావాలి. డిశ్చార్జి కాగితం మీద ‘ఇంపోర్టెడ్ ఇంప్లాంట్’ అని రాసి ఇస్తే తీసుకోకండి, స్టిక్కరు అంటించి ఇమ్మనండి. దానికి ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ, మీ ఆవిడ ఫోన్‌లోనూ పెట్టుకోండి.